ఆకుపచ్చ వెలుతురులో డీఎన్ఏ మీద పాలిమర్: నల్లగొండ ల్యాబ్ డైరీ

ఫిబ్రవరి

ప్రాజెక్టు ఏమిటో ముందు నాలుగు మాటల్లో రాసి పెడతాను. 20 అక్షరాల ఒంటిపోగు డీఎన్ఏ ముక్క తీసుకుంటాం. దాని ఒక కొసకు చిన్న రసాయన అణువును అతికిస్తాం. దాన్ని మోనోమర్ (గొలుసులో ఒక్కో లింకుగా చేరే చిన్న అణువు) ద్రావణంలో వేసి ఆకుపచ్చ వెలుతురు చూపిస్తే ఆ కొస నుంచి పాలిమర్ గొలుసు పెరగాలి. పెరిగాక కూడా ఆ డీఎన్ఏ తన జోడీ పోగును గుర్తుపట్టి పట్టుకోవాలి. నాకు ఈ చివరి మాటే ముఖ్యం. గొలుసు పెరిగిందని చూపించడానికి, అణువులను సైజు ప్రకారం విడదీసే జెల్ ఒకటి చాలు. డీఎన్ఏ ఇంకా డీఎన్ఏగానే ఉందని చూపించడానికే నెలలు పడుతుంది.

మా నాయిన పుట్టపాకలో మగ్గం నేస్తాడు. ఇంటికి పోయినప్పుడు "గది కండ్లకు కనిపిస్తదా బిడ్డా?" అని అడిగాడు. కనిపించదని చెప్పి, చిటికి (ఇక్కత్) పనితో పోల్చి చెప్పాను. చిటికిలో రంగు ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ ఎక్కొద్దో మగ్గం మీదికి రాకముందే పోగు మీద కట్టు కట్టి నిర్ణయిస్తారు కదా. ఇక్కడ కూడా పాలిమర్ ఎక్కడ మొలవాలో వెలుతురు పెట్టకముందే డీఎన్ఏ పోగు మీద గుర్తు పెడతాం. గుర్తు లేనిచోట ఎంత వెలుతురు పడ్డా ఏమీ మొలవొద్దు. ఆయనకు వెంటనే అర్థమైంది. "మరి కట్టు వదులైతే?" అని అడిగాడు. ఆ ప్రశ్నను కంట్రోల్ ప్రయోగాల జాబితాలో మొదట రాసుకున్నాను.

దీని అవసరం ఏమిటంటే, ఉత్త డీఎన్ఏ, ఆర్ఎన్ఏ ముక్కలను మందుగా రక్తంలోకి పంపితే న్యూక్లియేజ్ ఎంజైములు వాటిని కొరికేస్తాయి. చిన్నవి కాబట్టి మూత్రపిండాలు కూడా తొందరగా బయటికి తోసేస్తాయి. పక్కన పాలిమర్ ఉంటే ఎంజైములకు దారి ఇరుకవుతుంది, అణువు పెద్దదై ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. 2004లో అమెరికాలో అనుమతి పొందిన పెగాప్టనిబ్ అనే కంటి మందు ఇలాంటిదే. ఒక ప్రోటీన్‌ను గుర్తుపట్టి పట్టుకునే ఆర్ఎన్ఏ ముక్క, అంటే ఆప్టమర్‌కు పాలీఇథిలీన్ గ్లైకాల్ గొలుసులు తగిలించి తయారుచేశారు.

అందులో గొలుసును ముందే తయారుచేసి తెచ్చి అతికించారు. ఈ దారిలో ఒక చిక్కుంది. పొడవాటి పాలిమర్ కొస, డీఎన్ఏ కొస, రెండూ పలచని ద్రావణంలో ఒకదాన్నొకటి వెతుక్కోవాలి. దొరకడం కష్టం కాబట్టి పాలిమర్‌ను కుప్పలుగా వేయాలి, తర్వాత మిగిలినదాన్ని వేరుచేయాలి. డీఎన్ఏ మీది నుంచే గొలుసును పెంచితే వచ్చి చేరేవి చిన్న మోనోమర్లు, ఒకటి తర్వాత ఒకటి. వాటికి ఎక్కడా అడ్డు ఉండదు. మేం ఈ దారిలోనే పోతున్నాం.

వాడేది రాఫ్ట్ పద్ధతి. 1998లో ఆస్ట్రేలియాలోని సీఎస్ఐఆర్ఓ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. గంధకం ఉన్న ఒక అణువు, మా విషయంలో ట్రైథయోకార్బనేట్ (డీఎన్ఏ మీద మేం పెట్టే గుర్తు ఇదే), పెరుగుతున్న గొలుసు కొసకు మూతలా కూర్చుంటుంది. ఏ క్షణంలో చూసినా చాలా గొలుసులు నిద్రలో ఉంటాయి, కొన్నే పెరుగుతుంటాయి. మూతలు చేతులు మారుతూ ఉండటంతో చివరికి అన్నీ దాదాపు ఒకే పొడవుకు వస్తాయి. ఈ పద్ధతిని వెలుతురుతో నడపొచ్చని 2014లో సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో సిరిల్ బోయర్ బృందం చూపించింది. రంగుతో, వెలుతురుతో పాలిమర్ చేయడం మాత్రం ఇంకా పాతది. గెరాల్డ్ ఓస్టర్ దాన్ని 1954లో నేచర్ పత్రికలో రాశాడు, అంటే డీఎన్ఏ జంటపోగు నిర్మాణం తెలిసిన మరుసటి ఏడు. ఆ రెండింటినీ పక్కపక్కన చూసుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

వెలుతురును పీల్చుకుని చర్యను మొదలుపెట్టే మా రంగు ఈయోసిన్ వై. ప్రతి పాథాలజీ ల్యాబులో కణజాలానికి గులాబీ రంగు ఎక్కించేది ఇదే కాబట్టి దొరకడానికి కష్టం లేదు. ఇది 520 నానోమీటర్ల దగ్గర, అంటే ఆకుపచ్చ వెలుతురును బాగా పీల్చుకుంటుంది. డీఎన్ఏ పీల్చుకునేది 260 దగ్గర. అతినీలలోహిత కిరణాలు పెడితే పక్కపక్కనున్న థైమీన్ అక్షరాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, పోగు పాడవుతుంది. ఆకుపచ్చ వెలుతురు డీఎన్ఏను నేరుగా తాకదు. "నేరుగా" అన్న మాట కింద గీత గీసి పెట్టుకున్నాను. దాని సంగతి తర్వాత తేల్చాలి.

మార్చి

డీఎన్ఏ వచ్చింది. ఐదు ప్రైమ్ కొసన (పోగు మొదటి కొసన) అమీన్ అనే నత్రజని గుంపు పెట్టించి తెప్పించాం. ట్యూబు అడుగున కనీకనిపించని తెల్లటి పొర, అంతే. మూత తీయకముందు సెంట్రిఫ్యూజ్‌లో ఒకసారి తిప్పాలని జూనియర్ తమ్ముడికి గట్టిగా చెప్పాను. ఎండిన డీఎన్ఏ మూతకు అంటుకుని ఉంటే గాలికి ఎగిరిపోతుంది.

అతికించే పని ఇది. ట్రైథయోకార్బనేట్‌కు ఎన్‌హెచ్ఎస్ ఎస్టర్ కొస ఉంటుంది, అది అమీన్‌ను పట్టుకుంటుంది. పట్టుకోవాలంటే అమీన్ మీద అదనపు ప్రోటాన్ ఉండకూడదు, అంటే పీహెచ్ 8 దాటాలి. పీహెచ్ పెరిగేకొద్దీ ఎస్టర్‌ను నీళ్లు తినేయడమూ పెరుగుతుంది. పీహెచ్ 7లో గంటలు నిలిచే ఎస్టర్ 8.6లో నిమిషాల్లోనే సగమైపోతుంది. దానికి తోడు ట్రైథయోకార్బనేట్‌కు నత్రజని మీద హైడ్రోజన్ ఉన్న అమీన్లంటే పడదు, అవి తగిలితే విరిగిపోతుంది. అందుకే ట్రిస్ బఫర్ (పీహెచ్ మారకుండా పట్టే ద్రావణం) ఈ పనికి పనికిరాదు, దానిలో ఉన్నది అలాంటి అమీనే. బైకార్బనేట్ బఫర్, పీహెచ్ 8.3, ఎస్టర్‌ను డీఎంఎస్ఓ ద్రావకంలో కరిగించి అప్పటికప్పుడు కలపడం. ఎస్టర్‌ను చాలా ఎక్కువ మోతాదులో వేశాం.

తర్వాత సోడియం అసిటేట్, చల్లటి ఇథనాల్ పోసి డీఎన్ఏను దించాం. డీఎన్ఏ కిందికి దిగుతుంది, అతుక్కోని పసుపు రసాయనం ఇథనాల్‌లో ఉండిపోతుంది. కడిగాం, మళ్లీ కడిగాం, పై ద్రవంలో పసుపు పోయేదాకా కడిగాం. స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెడితే 260 దగ్గర డీఎన్ఏ గుట్ట, 310 దగ్గర చిన్న మిట్ట కనిపించాయి. 310 ట్రైథయోకార్బనేట్ జాగా. రెండు ఎత్తులనూ పోల్చి చూస్తే చాలా పోగులకు గుర్తు పడింది, అన్నిటికీ కాదు. గుర్తు పడనివి జెల్ మీద కదలకుండా తమ చోటనే కనిపించాలి, కాబట్టి ఆ మిగులు కూడా నాకు పనికొచ్చేదే.

నీళ్ల గురించి ఒక మాట. నల్లగొండలో ఏ రసాయన పని చేసినా మొదట నీళ్ల గురించే ఆలోచించాలి. ఇక్కడి భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎంత కష్టం తెచ్చిందో ఈ జిల్లాలో పుట్టిన వాళ్లకు చెప్పక్కర్లేదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నీరి సంస్థ తయారుచేస్తే దానికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరే నిలిచింది. మా పనికి ఫ్లోరైడ్ కన్నా లోహాల భయం ఎక్కువ. కాల్షియం, మెగ్నీషియం డీఎన్ఏకు అతుక్కుంటాయి. ఇనుము, రాగి అయితే లేశమాత్రం ఉన్నా, ఆస్కార్బిక్ ఆమ్లం, ఆక్సిజన్ తోడైతే డీఎన్ఏను ముక్కలు చేసే చురుకైన అణువులు (రాడికల్స్) పుడతాయి. రెండుసార్లు డిస్టిల్ చేసిన నీళ్లు, ప్రతి బఫర్‌లో లోహాలను పట్టి ఉంచే ఈడీటీఏ కొద్దిగా. ఈ నియమాన్ని గోడ మీద రాసి అంటించాం.

మార్చి చివర

వెలుతురు డబ్బా తయారైంది. సకినాలు పోసుకునే స్టీలు డబ్బా లోపలి గోడకు ఆకుపచ్చ ఎల్ఈడీ పట్టీ చుట్టాం. క్లాక్ టవర్ దగ్గరి షాపాయన "గింత చిన్న డబ్బాకు ఐదు మీటర్లా మేడం?" అంటూనే కత్తిరించే చోట్లు గుర్తుపెట్టి ఇచ్చాడు. 12 వోల్టుల అడాప్టర్, మూతకు రంధ్రం కొట్టి పాత కంప్యూటర్ ఫ్యాను. పట్టీ ప్యాకెట్ మీద తరంగదైర్ఘ్యం ఉండదు కాబట్టి ఫిజిక్స్ వాళ్ల స్పెక్ట్రోమీటర్ దగ్గరికి పట్టుకెళ్లాను. శిఖరం 520కి కాస్త అటుగా వచ్చింది. ఈయోసిన్‌కు సరిగ్గా సరిపోయింది.

ఏప్రిల్

మా చర్య మొత్తం 20 మైక్రోలీటర్లు. డీఎన్ఏ ఖరీదు అలాంటిది, ఇంతకన్నా పెంచలేం. ఈ కొలతలో అతి పెద్ద శత్రువు ఆక్సిజన్. గొలుసును మొదలుపెట్టాల్సిన రాడికల్ పుట్టగానే ఆక్సిజన్ దాన్ని మింగేస్తుంది, గొలుసు మొదలే కాదు. పెద్ద ఫ్లాస్కులో అయితే నైట్రోజన్ బుడగలు పంపి ఆక్సిజన్‌ను తరిమేయొచ్చు. 20 మైక్రోలీటర్లలో బుడగలు పంపితే చుక్కే ఎగిరిపోతుంది. ఈయోసిన్‌కు ఎలక్ట్రాన్ ఇచ్చే తోడు ఒకటి ఉంటే, వెలుతురులో ఆ జంటే ముందు ఆక్సిజన్‌ను ఖర్చుచేసి తర్వాత గొలుసు మొదలుపెడుతుంది. మా లాంటి ల్యాబుకు ఈ పద్ధతి అందుబాటులోకి వచ్చిందంటే ఈ గుణం వల్లే. గాలి చొరబడని గ్లవ్ బాక్స్ అక్కర్లేదు.

కానీ ఎంత ఆక్సిజన్? లెక్క వేసి చూశాను. 25 డిగ్రీల దగ్గర గాలి తగిలే నీళ్లలో లీటరుకు 8 మిల్లీగ్రాముల చిల్లర ఆక్సిజన్ కరిగి ఉంటుంది, అంటే పావు మిల్లీమోలార్. 20 మైక్రోలీటర్లలో 5 నానోమోల్స్. ఇది పెద్ద సమస్య కాదు. కానీ 0.2 మిల్లీలీటర్ల పీసీఆర్ ట్యూబులో పైన మిగిలిన 180 మైక్రోలీటర్లు గాలి. అందులో ఐదో వంతు ఆక్సిజన్, సుమారు 1.5 మైక్రోమోల్స్. ద్రవంలో ఉన్నదానికి 300 రెట్లు! ఈయోసిన్ ద్రవంలోది ఖర్చుపెడుతుంటే పైనుంచి కొత్తది దిగుతూనే ఉంటుంది.

పరిష్కారం బయోటెక్నాలజీ డిపార్ట్‌మెంట్‌లో దొరికింది. వేడి మూతలు లేని పాత పీసీఆర్ యంత్రాల కాలంలో ద్రవం ఆవిరి కాకుండా పైన మినరల్ ఆయిల్ పొర వేసేవారు. అక్కడి మేడం బీరువాలోంచి సీసా తీసి ఇచ్చారు. చుక్క మీద నూనె పొర వేస్తే ఆక్సిజన్ దిగడం బాగా నెమ్మదిస్తుంది. ఏప్రిల్ ఎండకు చుక్క ఆవిరైపోయే బాధ కూడా తీరింది.

మోనోమర్ విషయానికొస్తే, సీసాలో అది తనంతట తాను గడ్డకట్టకుండా కంపెనీ వాళ్లు నిరోధకం కలిపి పంపుతారు. పాశ్చర్ పిపెట్‌లో దూది ఉండ, దాని మీద బేసిక్ అల్యూమినా నింపి మోనోమర్‌ను దానిగుండా చుక్కచుక్కగా దించితే నిరోధకం పైనే ఆగిపోతుంది. అక్రిలమైడ్ జాతి మోనోమర్లు విషం. గ్లవ్స్ లేకుండా సీసా ముట్టొద్దు.

ఇంకో ముఖ్యమైన లెక్క. డీఎన్ఏ 10 మైక్రోమోలార్, మోనోమర్ 1 మోలార్. ఒక్కో డీఎన్ఏకు లక్ష మోనోమర్లు! ఇలా వదిలితే గొలుసు పొడవు మీద పట్టు ఉండదు. అందుకని డీఎన్ఏతో సంబంధం లేని ట్రైథయోకార్బనేట్‌ను 5 మిల్లీమోలార్ అదనంగా వేస్తాం. ఇప్పుడు నిష్పత్తి 200కు దిగింది. చివరికి మేం ఖాయం చేసిన మోనోమర్ డైమిథైల్‌అక్రిలమైడ్, ఒక్కోటి బరువు 99 చొప్పున, గొలుసు గరిష్ఠంగా 20 వేల వరకు పెరుగుతుంది. డీఎన్ఏ ముక్క బరువు సుమారు 6 వేలు. ఇలా వచ్చే అదనపు పాలిమర్‌తో ఇంకో లాభం ఉంది: పాలిమర్ నిర్మాణం చూసే ఎన్ఎంఆర్‌కు, గొలుసుల పొడవు చూసే జీపీసీకి పంపడానికి చాలినంత పదార్థం దొరుకుతుంది. డీఎన్ఏ మీద పెరిగినదైతే పికోమోల్స్‌లో ఉంటుంది, దాన్ని పంపలేం.

మొదట అనుకున్న మోనోమర్ ఎన్-ఐసోప్రొపైల్‌అక్రిలమైడ్. దాని పాలిమర్‌కు ప్రసిద్ధమైన గుణం ఒకటుంది. 32 డిగ్రీల కింద నీళ్లలో కరిగి ఉంటుంది, దాటగానే ముద్దకట్టి విడిపోతుంది. చల్లటి దేశాల ల్యాబుల్లో గది వేడిమి 25 ఉంటుంది, వాళ్లకు ఇది రాదు. మా డబ్బాలో థర్మామీటర్ 41 చూపించింది. వెలుతురు పెట్టిన కాసేపటికే ట్యూబు పాలవిరుగుడులా తెల్లబడింది. తమ్ముడు కంగారుపడి "అక్కా, ఏందిది, ఖరాబైందా?" అన్నాడు. ట్యూబును మంచుముక్కల్లో పెట్టమన్నాను. వాడి కళ్ల ముందే గులాబీ రంగులో స్వచ్ఛంగా తేరుకుంది. బయటకు తీస్తే మళ్లీ తెలుపు. ఆ పూటంతా వాడు దాన్ని చల్లబరుస్తూ, వేడిచేస్తూ కూర్చున్నాడు. పాలిమర్ తయారైందని చెప్పడానికి ఇంతకన్నా అందమైన సాక్ష్యం నాకు దొరకలేదు.

అయినా మోనోమర్ మార్చాం. తెల్లబడిన ద్రవంలో వెలుతురు చెదిరిపోతుంది, ముద్దకట్టిన పాలిమర్ డీఎన్ఏను కూడా తనతో లాక్కుంటుంది. డైమిథైల్‌అక్రిలమైడ్ పాలిమర్‌కు ఈ బాధ లేదు, మన ఎండాకాలం దాన్ని ఏమీ చేయదు.

మే

జెల్. డీఎన్ఏను మెరిపించే రంగు ఇథీడియం బ్రోమైడ్ ఒంటిపోగు డీఎన్ఏకు సరిగా పట్టదు. అందుకని లోడ్ చేసే ముందు ప్రతి నమూనాలో జోడీ పోగు కలిపాం. జోడీ కలిస్తేనే గీత మెరుస్తుంది. అంటే ఒకే జెల్ రెండు ప్రశ్నలకు జవాబు చెబుతుంది: పాలిమర్ పెరిగిందా, పెరిగాక కూడా డీఎన్ఏ జోడీని పట్టుకుంటోందా. ఈయోసిన్ కూడా సొంతంగా మెరుస్తుంది కాబట్టి రంగు వేయకముందే ఒక ఫోటో తీసి పెట్టుకున్నాం.

వెలుతురు పడని ట్యూబు: గీత తన చోటే ఉంది. ఈయోసిన్ లేనిది: అంతే. గుర్తు అతికించని ఉత్త డీఎన్ఏ, మిగతావన్నీ వేసి వెలుతురు పెట్టినది: అంతే. నాయిన అడిగిన ప్రశ్నకు జవాబు అదే, గుర్తు లేనిచోట మొలవలేదు. అన్నీ ఉన్న ట్యూబులో మాత్రం గీత పైకి జరిగి వెడల్పాటి మరకగా పరుచుకుంది. కింద గుర్తు పడని పోగుల సన్నటి గీత. పాలిమర్‌కు విద్యుదావేశం లేదు, అది పోగును లాగకుండా బరువుగా వెనక్కి పడుతుంది, అందుకే మరక పైన ఉంది. మరక మెరిసింది, అంటే జోడీ కూడా కలిసింది.

ఇక్కడే ఆగిపోవచ్చని కొందరన్నారు. నాకు మనసొప్పలేదు. వెలుతురు తగిలిన ఈయోసిన్, ఆక్సిజన్ కలిస్తే సింగ్లెట్ ఆక్సిజన్ అనే చురుకైన రూపం పుడుతుంది. అది డీఎన్ఏ అక్షరాల్లో ఒకటైన గ్వానీన్‌ను వెతికి మరీ ఆక్సీకరిస్తుంది. ఫిబ్రవరిలో "నేరుగా" కింద గీసిన గీత ఇందుకే: వెలుతురు డీఎన్ఏను తాకకపోయినా రంగు ద్వారా తాకగలదు. పాడైన ఒకటిరెండు గ్వానీన్లతో కూడా 20 అక్షరాల పోగు తన జోడీని పట్టుకోగలదు, జెల్ మీద మెరవగలదు. చూడటానికి అంతా బాగానే ఉంటుంది.

దీన్ని బయటపెట్టడానికి పాత పద్ధతి ఉంది. 1977లో మాక్సమ్, గిల్బర్ట్ డీఎన్ఏ అక్షరాలు చదవడానికి వాడిన వేడి పిపెరిడిన్. పాడైన గ్వానీన్ దగ్గర అది పోగును తెంపుతుంది. 1 మోలార్ పిపెరిడిన్‌లో 90 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, ఆరబెట్టి, యూరియా జెల్ మీద నడిపించాం. ఘాటు తట్టుకోలేం, ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి. పాలిమర్ మరక అడ్డురాకుండా ఈ పరీక్షకు మోనోమర్ వేయలేదు, డీఎన్ఏకు గుర్తూ పెట్టలేదు: రంగు, తోడు, వెలుతురు మాత్రమే.

నూనె పొర లేని ట్యూబులో అసలు గీత పలచబడి కింద చిన్న ముక్కల గీతలు వచ్చాయి. అవి గ్వానీన్లు ఉన్న చోట్లకు సరిపోయాయి. నూనె పొర ఉన్నదాంట్లో చాలా తక్కువ. ఆక్సిజన్‌ను ఆపడమంటే గొలుసును కాపాడటం మాత్రమే అనుకుంటాం, డీఎన్ఏను కాపాడేది కూడా అదే. తోడు విషయంలో కూడా తేడా తెలిసింది. ఆస్కార్బిక్ ఆమ్లంతో పాలిమర్ తొందరగా పెరుగుతుంది, కానీ ముక్కలు ఎక్కువ. ఈడీటీఏ పెంచితే తగ్గాయి, పూర్తిగా పోలేదు. ట్రైఇథనాల్‌అమీన్‌తో చర్య నెమ్మది, డీఎన్ఏ మాత్రం క్షేమం. వేగం వదులుకుని ట్రైఇథనాల్‌అమీన్‌కే ఖాయం చేశాం. దాని నత్రజని మీద హైడ్రోజన్ లేదు కాబట్టి ట్రైథయోకార్బనేట్‌ను నేరుగా విరగ్గొట్టదు. కానీ దానితో ద్రావణం క్షారంగా మారుతుంది, ముందే ఆమ్లం వేసి 7.4కి తేవాలి. లేదంటే ట్రైథయోకార్బనేట్ నిలవదు.

జూన్

సాయంత్రం గాలివాన, కరెంటు పోయింది. డబ్బాలో చర్య సగంలో ఉంది. చీకట్లోనే సూదితో నూనె కింది నుంచి 2 మైక్రోలీటర్లు తీసి మంచులో పెట్టాను. కరెంటు వచ్చాక, మళ్లీ వెలుతురు పెట్టే ముందు ఇంకో 2 తీశాను. ఆ తర్వాత చర్యను చివరిదాకా నడిపించాం. జెల్ మీద మొదటి రెండు మరకలూ ఒకే ఎత్తులో ఉన్నాయి, చీకట్లో గొలుసు ఆగి ఉంది. చివరిది వాటికన్నా పైన ఉంది, అంటే నిద్రపోయిన కొసలు మళ్లీ లేచి పెరిగాయి. ఆగిన మరక కింది వైపు ఏమీ మిగలకుండా మొత్తంగా పైకి జరగడం చూసి సార్ కుర్చీలోంచి లేచి వచ్చి జెల్ చేత్తో పట్టుకున్నారు. ఈ పరీక్షను ఇకముందు స్విచ్చుతో, గడియారం పెట్టుకుని చేస్తాం. మధ్యలో ఆగినప్పుడు నూనెగుండా కొంత ఆక్సిజన్ దిగుతుంది కాబట్టి, మళ్లీ మొదలైనప్పుడు చర్య కాసేపు తటపటాయిస్తుంది. ఆ ఆలస్యం ఎంతో కొలవాలి.

శుద్ధి చేయడం మిగిలింది. అదనంగా వేసిన పాలిమర్‌కు ఆవేశం లేదు, డీఎన్ఏకు ఉంది. ధనావేశం ఉన్న చిన్న డీఈఏఈ కాలమ్‌లో పోసి పలచని ఉప్పునీళ్లతో కడిగితే ఉత్త పాలిమర్ దిగిపోతుంది, డీఎన్ఏ తగిలించుకున్నది నిలుస్తుంది. ఉప్పు పెంచితే అదీ దిగుతుంది. పాలిమర్ లేని డీఎన్ఏ ఇంకా గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి ఉప్పును మెట్లుమెట్లుగా పెంచుతున్నాం. నిన్న దించిన భాగాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి.

వాటితో కరిగే ఉష్ణోగ్రత చూడాలి. మా పోగులో సగం జీ, సీ అక్షరాలు ఉన్నాయి, నోటిలెక్క ప్రకారం జంట 60 డిగ్రీల దగ్గర విడిపోవాలి. పాలిమర్ ఉన్న జంట, లేని జంట పక్కపక్కన పెట్టి 260 దగ్గర పీల్చుడు పెరగడం చూస్తాం. రెండు వంపులూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటే, కొసన కాకుండా పోగు మధ్యలో గుర్తు పెట్టిన డీఎన్ఏను ఆర్డర్ చేయడానికి సార్ ఒప్పుకున్నారు. మధ్యలో పాలిమర్ మొలిస్తే జోడీ పట్టు ఎంత సడలుతుందో చూడాలి. నమూనాను వేడిచేసే పెల్టియర్ ఉన్న స్పెక్ట్రోఫోటోమీటర్ బుధవారం మాకు దొరుకుతుంది.